క్యూరీ, ఎంఆర్, మైక్రోసీవర్ట్: రేడియోగ్రఫీ సైటులో లెక్క ఎక్కడ తప్పుతుంది

అడిగింది ఇదీ: ఇరిడియం-192 సోర్స్ (వెల్డు లోపాలు ఫొటో తీయడానికి గామా కిరణాలిచ్చే రేడియోధార్మిక గుళిక) చార్టులో ఈరోజు తారీఖుకు 20 క్యూరీలని ఉంది. పక్కనున్న సర్టిఫికెట్ టెరాబెక్వెరెల్ అంటుంది. సర్వే మీటర్ మైక్రోసీవర్ట్‌లో, పాకెట్ డోసిమీటర్ ఎంఆర్‌లో (మిల్లీరాంట్జెన్), మూడు నెలలకోసారి వచ్చే టీఎల్‌డీ (ఛాతీ మీద పెట్టుకునే డోసు బ్యాడ్జ్) రిపోర్టు మిల్లీసీవర్ట్‌లో చూపిస్తున్నాయి. వీటితో, జనం లోపలికి రాకుండా చుట్టూ కట్టే హద్దు తాడు ఎంత దూరంలో కట్టాలో ఎలా లెక్క వేయాలి? మూడు నెలల పాకెట్ డోసిమీటర్ రీడింగులు కలిపితే 85 ఎంఆర్ వచ్చింది, టీఎల్‌డీ మాత్రం 0.6 అంటోంది. ఏది నిజం?

ముందు ఒక ముడి విప్పుకోవాలి. ఈ పరికరాలన్నీ ఒకే దాన్ని కొలవడం లేదు. అక్కడ మూడు ప్రశ్నలున్నాయి. సోర్స్‌లో ఎంత ఉంది? నేను నిలబడ్డ చోటికి గంటకు ఎంత వస్తోంది? ఇప్పటిదాకా నా ఒంటికి ఎంత పట్టింది? మొదటిదానికి పాత పేరు క్యూరీ, కొత్త పేరు బెక్వెరెల్. మిగతా రెండూ ఒకే కొలతలో నడుస్తాయి. కుళాయి నుంచి నిమిషానికి ఎన్ని లీటర్లు పడుతోంది, బిందెలోకి ఎన్ని లీటర్లు చేరింది అన్నంతే తేడా. సర్వే మీటర్ కుళాయిని చూస్తుంది, టీఎల్‌డీ బిందెను చూస్తుంది. అందుకే సర్వే మీటర్ రీడింగు పక్కన ‘గంటకు’ అని రాయకపోతే ఆ అంకెకు అర్థం లేదు. లాగ్‌బుక్కుల్లో ఎక్కువగా ఎగిరిపోయే మాట కూడా అదే.

క్యూరీ సంగతి తేలిక. 1 క్యూరీ అంటే 37 గిగాబెక్వెరెల్, అంటే సెకనుకు 3,700 కోట్ల పరమాణువులు విచ్ఛిన్నం కావడం. 27 క్యూరీలు అయితే 1 టెరాబెక్వెరెల్. మీ 20 క్యూరీలు 740 గిగాబెక్వెరెల్ లేదా 0.74 టెరాబెక్వెరెల్. సర్టిఫికెట్ మీద తారీఖు చూడకుండా ఈ అంకె వాడకండి. ఇరిడియం అర్ధాయువు దాదాపు 74 రోజులు, అంటే రోజుకు ఇంచుమించు 1 శాతం తగ్గుతుంది. జనవరి 1న 40 ఉన్నది మార్చి మధ్యకల్లా 20. ఒక్కోసారి సర్టిఫికెట్‌లో రెండు యాక్టివిటీలు కనిపిస్తాయి. ఇరిడియం బరువైన లోహం, తన గామాలో కొంత తానే మింగేస్తుంది కాబట్టి లోపల ఉన్నది ఎక్కువ, బయటికి వచ్చేది తక్కువ. ఎక్స్‌పోజర్ టైముకూ తాడు దూరానికీ పనికొచ్చేది బయటికి వచ్చేది.

ఇక డోసు. 1 గ్రే (పీల్చుకున్న శక్తికి కొలత) అంటే 100 రాడ్, 1 సీవర్ట్ (దానివల్ల ఒంటికి ఉండే ముప్పుకు కొలత) అంటే 100 రెమ్. గ్రే 1975లో, సీవర్ట్ 1979లో అంతర్జాతీయ పద్ధతిలోకి వచ్చాయి. అమెరికా ఇప్పటికీ రోజువారీ పనిలో క్యూరీ, రెమ్ వదల్లేదు. అక్కడి కెమెరాలు (సోర్స్‌ను దాచి ఉంచే పెట్టెలు), వాటి చార్టులు మన సైటులోకి వస్తాయి గనక ఈ రెండు కాపురాలు ఇంకా సాగుతున్నాయి. రాంట్జెన్ వీటికి కాస్త పక్కనుంటుంది. అది గాలిలో పుట్టే విద్యుదావేశాన్ని కొలుస్తుంది, ఒంటిని కాదు. 1 రాంట్జెన్ పడిన చోట కండరం తీసుకునేది దాదాపు 0.96 రాడ్. అందుకే గామాకు 1 రాంట్జెన్ = 1 రాడ్ = 1 రెమ్ అని సైటులో సరిపెట్టుకుంటారు. కొద్ది శాతం తేడాతో అది ఒప్పే. గుర్తుంచుకోవాల్సినది ఒక్కటే: 1 ఎంఆర్ అంటే 10 మైక్రోసీవర్ట్‌లు, 100 ఎంఆర్ అంటే 1 మిల్లీసీవర్ట్.

అయితే ఈ సర్దుబాటు గామాకూ ఎక్స్-రేకూ మాత్రమే. కృష్ణా-గోదావరి బేసిన్‌లో చమురు బావుల లాగింగ్‌కు (లోపలి పొరలను కొలవడానికి) వాడే అమెరీషియం-బెరీలియం లాంటి న్యూట్రాన్ సోర్స్ దగ్గర ఇది కూలిపోతుంది. న్యూట్రాన్‌కు రాడ్ నుంచి రెమ్‌కు వెళ్లాలంటే దాని శక్తిని బట్టి 2.5 నుంచి 20 దాకా గుణించాలి. ఇంకా ముఖ్యమైన సంగతి, రేడియోగ్రఫీకి వాడే మామూలు గైగర్ మీటర్‌కు న్యూట్రాన్లు దాదాపు కనిపించవు. అక్కడ ముల్లు కదలకపోవడం ధైర్యం చెప్పే విషయం కాదు.

వందతో గుణించడం, పదితో భాగించడం ఎవరూ పెద్దగా తప్పు చేయరు. తప్పు జరిగేది ముందున్న చిన్న అక్షరం దగ్గర. మిల్లీకీ మైక్రోకీ మధ్య వెయ్యి రెట్లు. ఆటోరేంజ్ డిజిటల్ మీటర్ 999 మైక్రోసీవర్ట్‌లు దాటగానే తనంతట తానే మిల్లీసీవర్ట్‌కు మారి 1.20 అని చూపిస్తుంది. అంకె చిన్నదైంది, మూలనున్న అక్షరం ఎండలో కనపడదు, మనిషి ముందుకు నడుస్తాడు. ముల్లు మీటర్లలో ఇదే తప్పు నాబ్ దగ్గర జరుగుతుంది. ముల్లు 0.4 మీద ఉంటుంది, నాబ్ వందరెట్ల మీద ఉంటుంది, పుస్తకంలో 0.4 అని పడుతుంది. ఒకే సైటులో రెండు రకాల మీటర్లుంటే ఇంకో ప్రమాదం. గంటకు 20 మైక్రోసీవర్ట్‌ల దగ్గర పని చేసి అలవాటైన కన్ను ఎంఆర్ మీటర్ మీద 20 చూసి ‘రోజూ ఉండేదేగా’ అనుకుంటుంది. అది 200 మైక్రోసీవర్ట్‌లు. తారుమారుగా జరిగితే ఉత్త కంగారుతో పోతుంది. ఇటువైపు జరిగితే డోసు పడుతుంది. వీలైతే ఒక టీముకు ఒకే యూనిట్ మీటర్లు ఇవ్వమని ఆర్‌ఎస్‌ఓను (రేడియేషన్ భద్రతాధికారిని) పట్టుబట్టి అడగండి. కుదరకపోతే ఎంఆర్ మీటర్ మీద ‘10తో గుణించు’ అని పెద్ద అక్షరాలతో టేపు అంటించండి. ఈ పనిలో టేపు ముక్క విలువ తక్కువేమీ కాదు.

డిజిటల్ మీటర్ ఏ యూనిట్‌లో ఉందో తేల్చుకోవడానికి ఒక సులువు: పొద్దున కెమెరా స్టోరు నుంచి బాగా దూరంగా వెళ్లి ఆన్ చేయండి. మన గ్రానైట్ నేలల మీద సహజ నేపథ్యం మామూలుగా గంటకు 0.1, 0.2 మైక్రోసీవర్ట్‌ల ప్రాంతంలో ఊగుతుంది. 0.01, 0.02 కనిపిస్తే అది ఎంఆర్. అసలేమీ కదలకపోతే బ్యాటరీయో ట్యూబో పోయింది. తర్వాత కెమెరా దగ్గరికి తెచ్చి, సోర్స్ లోపలే ఉండగా, ఎప్పుడూ ఒకే చోట, ఉదాహరణకు ముందు మూతికి ఆనించి, కొలిచి రాసుకోండి. రోజంతా పోల్చుకోవడానికి పునాది ఆ అంకే.

ఇప్పుడు తాడు. ఇరిడియం-192కు 1 క్యూరీ నుంచి 1 మీటరు దూరంలో గంటకు దాదాపు 0.5 రాంట్జెన్ వస్తుంది. దీన్ని ఆర్‌హెచ్‌ఎం అంటారు. కోబాల్ట్-60కు అదే 1.3, సీజియం-137కు 0.33. మీ 20 క్యూరీలకు 20 × 0.5 = 10, అంటే 1 మీటరు దగ్గర గంటకు 10 రాంట్జెన్లు, 10,000 ఎంఆర్. కొత్త భాషలో గంటకు 100 మిల్లీసీవర్ట్‌లు. దూరం రెట్టింపైతే నాలుగో వంతు, పది రెట్లైతే వందో వంతు.

మామూలు జనానికి ఏడాదికి 1 మిల్లీసీవర్ట్ పరిమితి. 50 వారాలకు పంచితే వారానికి 20 మైక్రోసీవర్ట్‌లు, అంటే 2 ఎంఆర్. ఆ చోట వారంలో సోర్స్ బయట ఉండే మొత్తం సమయం లెక్కగట్టండి. షాటుకు (ఒక్కో ఫొటో కోసం సోర్స్‌ను బయటికి తీయడం) 8 నిమిషాల చొప్పున 15 షాట్లైతే 2 గంటలు. 10,000ను 2 గంటలతో గుణించి 2 ఎంఆర్‌తో భాగిస్తే 10,000. దాని వర్గమూలం 100. ఏ అడ్డమూ లేకుండా సోర్స్ బయటికొస్తే తాడు 100 మీటర్ల దూరంలో ఉండాలి. సరిచూసుకోండి: 100 మీటర్ల దగ్గర గంటకు 1 ఎంఆర్, రెండు గంటలకు 2 ఎంఆర్. లెక్క కుదిరింది. బ్యాడ్జ్ ఉన్న పనివాళ్లకు ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. వారానికి పంచితే 40 ఎంఆర్, అదే లెక్కన దాదాపు 22 మీటర్లు. ఇది గరిష్ఠ పరిమితి నుంచి తీసిన దూరం, హాయిగా కూర్చునే చోటు కాదు. క్రాంక్ (సోర్స్‌ను బయటికి తోసి, లోపలికి లాగే పిడి) తిప్పడం అయ్యాక ఇంకా వెనక్కి పోవడానికి చోటుంటే పోవాల్సిందే.

100 మీటర్లు అనగానే ‘ఫ్యాక్టరీ మధ్యలో అంత ఖాళీ ఎక్కడ?’ అంటారు. కోలిమేటర్ (ఒక్క వైపే కిరణాలు వదిలే బరువైన లోహపు తొడుగు) పెట్టేది అందుకే. టంగ్‌స్టన్‌లో ఇరిడియం గామా సగానికి తగ్గడానికి దాదాపు 3.3 మిల్లీమీటర్లు చాలు. సీసంలో 5 మిల్లీమీటర్లకు కాస్త అటూఇటూ, ఉక్కులో 15, కాంక్రీటులో 45 దాకా కావాలి. 13 మిల్లీమీటర్ల టంగ్‌స్టన్ నాలుగు సగాలు, అంటే పదహారో వంతు. దూరం వర్గమూలంతో పోతుంది గనక 100 కాస్తా 25 మీటర్లవుతుంది. అంటే రెండు సగాల మందం చేరిన ప్రతిసారీ తాడు సగం దగ్గరికి వస్తుంది. కానీ ఇది కోలిమేటర్ వెనకా పక్కలా మాత్రమే. తెరిచి ఉన్న వైపు, పైపు గోడ ఆపినంత మేరకు తప్ప, 100 మీటర్ల లెక్కే నడుస్తుంది. ఆ వైపు నేలకో గోడకో తిరిగి ఉండేలా షాటు కుదుర్చుకోవాలి. పై అంతస్తులో వెల్డర్లు ఉన్నప్పుడు కోలిమేటర్‌ను పైకి తిప్పి నేల మీద చుట్టూ తాడు కట్టడం చాలాచోట్ల కనిపించే తప్పు.

కాగితం మీద లెక్క మొదటి అడుగు మాత్రమే. మొదటి షాటు పడుతుండగా మీటర్ పట్టుకుని తాడు వెంట చుట్టూ నడిచి, ఎక్కువ వచ్చిన చోట తాడు జరపండి. ఆ రీడింగు రాసేటప్పుడు అంకె, యూనిట్, ‘గంటకు’, సోర్స్ నుంచి దూరం, మీటర్ నంబరు రాయండి. ఈ ఐదింట్లో ఏది తగ్గినా తర్వాత ఎవరికీ పనికిరాదు.

ప్రతి షాటు తర్వాతా మీటర్ లేకుండా కెమెరా దగ్గరికి పోకూడదన్నది అందరికీ తెలిసిన మాటే, అందరూ మరిచే మాటే. మీటర్ దూరం నుంచే ఆన్‌లో ఉండాలి. దగ్గరికి వెళ్లాక ఆన్ చేస్తే కొన్ని పాత గైగర్ మీటర్లు మరీ ఎక్కువ రేడియేషన్‌లో ఉక్కిరిబిక్కిరై సున్నా చూపిస్తాయి. నడుస్తుంటే పెరుగుతూ వచ్చి హఠాత్తుగా పడిపోయిన ముల్లు మంచి వార్త కాదు, వెనక్కి తిరగండి. స్కేలు చివర ఆగిపోయిన ముల్లు కూడా కొలత కాదు. 1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్‌లో చేతికందిన మీటర్లు సెకనుకు 1,000 మైక్రోరాంట్జెన్ల దగ్గర ఆగిపోయేవి. గంటల్లోకి మారిస్తే అదే 3.6 రాంట్జెన్లు. మీటర్ చూడగలిగిన ఆ గరిష్ఠ అంకెనే అక్కడున్న రేడియేషన్ అన్నట్టు పైకి చెప్పారు. స్కేలు చివరకు చేరితే పుస్తకంలో ‘అంతకంటే ఎక్కువ’ అనే రాయాలి, అంకె రాసి ఊరుకోకూడదు.

షాటు అయ్యాక కొలిచే వరుస ఇదీ: ముందు కెమెరా మూతి, తర్వాత గైడ్ ట్యూబ్ (సోర్స్ నడిచే గొట్టం) పొడవునా, చివర కోలిమేటర్. పొద్దున రాసుకున్న అంకె కంటే మూతి దగ్గర ఎక్కువ వచ్చినా, ట్యూబ్ వెంట పెరిగినా సోర్స్ పూర్తిగా లోపలికి రాలేదన్నమాటే. క్రాంక్ చుట్లు సరిపోయాయి కదా అని నమ్మొద్దు. సోర్స్ పిగ్‌టెయిల్ (సోర్స్ అతికి ఉండే పొట్టి తీగ) డ్రైవ్ కేబుల్ నుంచి ఊడిపోతే కేబుల్ ఒక్కటే హాయిగా వెనక్కి వస్తుంది, చేతికి తేడా తెలియదు. అప్పుడు చేయాల్సింది వెనక్కి జరగడం, తాడు పెంచడం, దారుల దగ్గర మనిషిని నిలబెట్టడం, ఆర్‌ఎస్‌ఓకు ఫోన్ చేయడం. సోర్స్ తీయడం సరైన పరికరాలున్నవాళ్ల పని. వాళ్లు కూడా ముందు కాగితం మీద డోసు లెక్క వేసుకునే దిగుతారు. మీ 20 క్యూరీలకు 2 మీటర్ల దగ్గర గంటకు 25 మిల్లీసీవర్ట్‌లు, నిమిషానికి దాదాపు 0.4. సోర్స్ మీద 25 మిల్లీమీటర్ల గట్టి సీసం అడ్డుపడితే అయిదు సగాలు, ముప్ఫై రెండో వంతు, గంటకు 0.8 మిల్లీసీవర్ట్‌కు పడిపోతుంది. సీసపు గుళ్ల సంచులైతే గుళ్ల మధ్య ఖాళీ ఉంటుంది గనక అదే ఫలితానికి 40 మిల్లీమీటర్లు కావాలి.

చేత్తో పట్టుకుంటే ఏమవుతుందో అంకెల్లో చూడండి, ఎందుకంటే ఇక్కడే యూనిట్లు మనిషిని మోసం చేస్తాయి. 1 మీటరు దగ్గర గంటకు 10 రాంట్జెన్లు ఉన్నది 1 సెంటీమీటరు దగ్గర పదివేల రెట్లు, అంటే లక్ష రాంట్జెన్లు. సెకనుకు 28 దాకా. ఒక్క నిమిషం వేళ్ల మధ్య ఉంటే ఆ చర్మానికి 16 గ్రే ప్రాంతంలో పడుతుంది, పుండు పడడం ఖాయం. అదే నిమిషంలో అరమీటరు దూరంలో ఉన్న ఛాతీ మీది టీఎల్‌డీకి పడేది 7 మిల్లీసీవర్ట్‌ల లోపే. రిపోర్టు చూస్తే ఏడాది పరిమితిలోనే ఉన్నాడనిపిస్తుంది, వేలు మాత్రం పోయింది. అందుకే ఇలాంటి డోసును సీవర్ట్‌లో కాకుండా ఏ అవయవానికి ఎన్ని గ్రే అని చెప్పాలి. సీవర్ట్ ఏళ్ల తరబడి పడే చిన్న డోసుల ముప్పును లెక్కగట్టడానికి పుట్టింది, కాలిన చర్మానికి కాదు. 1999లో పెరూలోని యనాంగోలో ఒక వెల్డర్ కింద పడి ఉన్న ఇరిడియం సోర్స్‌ను, అది 37 క్యూరీలది, ప్యాంటు వెనక జేబులో వేసుకుని గంటల తరబడి తిరిగాడు. పై లెక్కన సెంటీమీటరు దగ్గర సెకనుకు 50 రాంట్జెన్లు. ఆ కాలు తీసేయాల్సి వచ్చింది.

రవాణా కాగితాల్లో ఇంకో చిన్న మెలిక ఉంది. ట్రాన్స్‌పోర్ట్ ఇండెక్స్‌కు (ప్యాకేజీ లేబుల్ మీద రాసే రేడియేషన్ అంకెకు) యూనిట్ ఉండదు, కానీ అది వేషం మార్చుకున్న మిల్లీరెమే. ప్యాకేజీ నుంచి 1 మీటరు దగ్గర గంటకు వచ్చిన మిల్లీసీవర్ట్‌ను 100తో గుణించాలి. మీ మీటర్ మైక్రోసీవర్ట్‌ది అయితే 10తో భాగించడమే: 6 వస్తే ఇండెక్స్ 0.6. 6 అనే రాసేసి పసుపు-2 లేబుల్‌తో పోవాల్సిన దానికి పసుపు-3 అంటించేవాళ్లూ ఉన్నారు. లేబుల్ మీద యాక్టివిటీ మాత్రం బెక్వెరెల్‌లోనే ఉండాలి.

ఇక 85కూ 0.6కూ మధ్య తగవు. 85 ఎంఆర్ అంటే 0.85 మిల్లీసీవర్ట్. టీఎల్‌డీ 0.6 అంది. తేడా 0.25 మాత్రమే, వంద రెట్లేమీ కాదు, కాబట్టి యూనిట్ పొరపాటు లేదు. క్వార్ట్జ్ ఫైబర్ ఉన్న పాకెట్ డోసిమీటర్‌లో ఛార్జి తనంతట తానే కొద్దికొద్దిగా కారిపోతుంటుంది. చెమ్మలో ఇంకా ఎక్కువ కారుతుంది, కింద పడితే గీత ఒక్కసారిగా జరుగుతుంది. ఇవన్నీ రీడింగును మామూలుగా పైకే తోస్తాయి. రోజుకు ఎంఆర్‌లో మూడో వంతు అలా చేరినా మూడు నెలల్లో పాతిక దాటడం వింత కాదు. పని లేని రోజున డోసిమీటర్‌ను సున్నాకు ఛార్జి చేసి ఇంట్లో పెట్టి మర్నాడు చూడండి, దాని కారుడు ఎంతో తెలిసిపోతుంది. రికార్డుకు ఎక్కేది టీఎల్‌డీ అంకే, పాకెట్ డోసిమీటర్ ఆ రోజు సంగతి ఆ రోజే తెలుసుకోవడానికి.

తారుమారుగా టీఎల్‌డీ 6 అని, పాకెట్ మొత్తం 85 ఎంఆరే అని వచ్చి ఉంటే అప్పుడు కూర్చుని వెతకాలి. బ్యాడ్జ్ తగిలించిన చొక్కా కెమెరా స్టోరులో వేలాడుతూ ఉందా, పాకెట్ డోసిమీటర్ పెట్టుకోని రోజులున్నాయా, దాని 200 ఎంఆర్ స్కేలు ఎప్పుడైనా దాటిపోతే సున్నా చేసేసి ఊరుకున్నారా అని చూడండి. ఆ చివరిది జరిగి ఉంటే మూడు నెలలు ఆగకూడదు. స్కేలు దాటిన రోజే పని ఆపి, ఆర్‌ఎస్‌ఓ ద్వారా ఆ టీఎల్‌డీని వెంటనే చదివించడానికి పంపాలి. దాంతోపాటు పంపే కాగితంలో ఏ రోజు, ఎన్ని క్యూరీలు, ఎంత దూరం, ఎన్ని నిమిషాలు అన్నది రాసి పంపండి, అవి లేకపోతే ల్యాబ్ ఇచ్చే అంకెను సైటులో జరిగినదానితో పోల్చి చూసే దారి ఉండదు.